మూడో ప్రకటన

ఆపుకోవాలి. ఇంకొక్క పావుగంట. బైబిలు పాఠం అయిపోతే ప్రకటనలు, ప్రకటనలయితే కీర్తన, కీర్తనకి అందరూ లేచి నిలబడతారు, ఆ సందట్లో వెనక గుమ్మంలోంచి జారుకోవచ్చు. పిల్లలు ఇప్పటికి రెండుసార్లు బయటికి వెళ్లొచ్చారు, వాళ్లనెవరూ ఏమీ అనరు. నేను పెళ్లికొడుకుని. ముందు వరసలో, మగవాళ్ల వైపు, సరిగ్గా పాదిరి అయ్యగారి కళ్లెదురుగా చాపమీద కూర్చోబెట్టారు, పక్కనే కాబోయే మామగారు బాలస్వామిగారు. ఇక్కణ్ణుంచి గుమ్మం దాకా ఎంతమందిని దాటాలో ఇందాకటినుంచీ లెక్కపెడుతున్నాను. పదిహేడుమంది. పదిహేడు మోకాళ్లు దాటితే పదిహేడు నోళ్లు. పోనీ, వెళ్లాననే అనుకో, ఏం ఒరిగింది? అసలు బాధ ఆపుకోవడంలో లేదు, వదలడంలో ఉంది. నిండితే బరువు, వదిలితే నిప్పు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, ఆ రెండూ నా పొత్తికడుపులోనే నా చేతులారా తవ్వుకున్నాను.

ఈ నిండడం మాత్రం మా అమ్మ పుణ్యం. పొద్దున లేచింది మొదలు ఒకటే పోరు. "పెళ్లికొడుకువి, మొహాన కళ లేకపోతే ఎట్టారా! ఎండల్లో స్తంభాలెక్కీ ఎక్కీ వేడి చేసింది నీకు. తాగు." సబ్జా గింజల నీళ్లు ఒక చెంబు, బార్లీ కాచి చల్లార్చింది ఒక చెంబు, చర్చికి బయల్దేరేముందు ఉప్పేసిన పల్చటి మజ్జిగ, అదీ చాలక నడినెత్తిన ఆముదం పెట్టి అరచేత్తో టపటపా తట్టింది. ఆ ఆముదం ఇప్పుడు చెమటతో కలిసి చెవుల వెనకనుంచి కారుతోంది. పిచ్చి తల్లి. వేడి అంటుంది. నేనూ మొదట అదే అన్నాను. దివిసీమ ఎండ అలాంటిలాంటిదా! కోడూరు వైపు కరెంటు లైను లాగుతున్నాం, నీడకి చెట్టుండదు, పగలంతా ఉప్పుగాలి, తాగడానికి చవుడు నీళ్లు. మా గుంపులో ఒంటేలుకి కూర్చున్నప్పుడు అబ్బా అనని లైన్‌మన్ ఎవడు? అందరం తలో కొబ్బరిబోండం తాగితే సాయంత్రానికి తగ్గేది. నాకూ తగ్గుతుందనుకున్నాను, ఒకరోజు చూశాను, రెండు రోజులు చూశాను. మూడోనాటి పొద్దున పంచెమీద పచ్చటి మరక. ఎండకి చీము పడుతుందా? సెగరోగం అంటారు దాన్ని. గోడలమీద కాగితాలు అంటించి ఉంటాయి చూడండి, గుప్తరోగములు అని, వాటిముందు నిలబడి చదివే ధైర్యం కూడా ఎవడికీ ఉండదు, నడుస్తూ నడుస్తూ ఓరకంట చదువుతారు. నేనూ అట్లాగే చదివాను. ఒకే కాగితాన్ని నాలుగుసార్లు, అటోసారి ఇటోసారి నడిచి.

ఆనాటినుంచి నా పంచె నేనే ఉతుక్కుంటున్నాను. కాలవగట్టున అందరికంటే ముందు లేచి, బండకేసి బాది బాది, మరక పోయినా బాదుతూ. బందరులో ఇంటికొచ్చిన నాలుగు రోజులూ పెరట్లో అదే పని. అది చూసి మా అమ్మ ఇరుగమ్మతో గొప్పగా చెప్పుకుంటోంది, పెళ్లి కుదిరాక మావాడికి శుభ్రం వచ్చిందమ్మా అని. విని నవ్వాను కూడా. నవ్వు ఎట్లా వచ్చిందో! మా నాన్న ఘంటసాల దగ్గర పల్లెలో ఉపదేశి. చిరిగిన చొక్కాతో ఊరూరూ నడిచి వాక్యం చెప్పినవాడు, చనిపోయే ముందు కూడా కడిగిన చేతులతోనే పుస్తకం పట్టుకున్నాడు. ఆయన కొడుకుని నేను. మా ఇంటావంటా మొదటి గవర్నమెంటు ఉద్యోగం. ఎంత శుభ్రం!

బాలస్వామిగారు నావైపు వంగి గుసగుసలాడుతున్నారు. "ఏం అల్లుడూ, అలా చెమటలు పడుతున్నాయేం? ఒంట్లో బాగుందా?" బాగుందండీ, ఉక్కండీ. ఆయన దగ్గర ఎప్పుడూ టింక్చరు వాసన. ఆదివారంనాడు ఉతికిన చొక్కాలో కూడా పోదు. ముప్ఫై ఏళ్లుగా ప్రభుత్వాసుపత్రిలో కాంపౌండరు, బందరులో ఎవడి పుండు ఎక్కడుందో ఆయనకి తెలుసు. ఆయన పక్కన మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను, నా వాసన కూడా ఆయనకి తెలిసిపోతుందేమోనని. నా ఖర్మ చూడండి. బందరులో నాలాంటివాడు సూది వేయించుకోవాలంటే రెండే చోట్లు. ఒకచోట పిల్లనిచ్చే మామ. ఇంకోచోట, మిషనాసుపత్రిలో, పెళ్లికూతురు. దయామణి నర్సు. ఈ దేశంలో ఇన్ని ఉద్యోగాలుండగా నర్సు.

అసలు ఆ మాటే నా కొంప తీసింది. మా మేస్త్రి గోవర్ధనరావు ఉన్నాడే, వాడి నోట్లోంచి వచ్చింది. సామాను తేవడానికి ఇద్దరం గుడివాడ స్టోర్సుకి వెళ్లాం, తీగచుట్టలు మర్నాడు గాని ఇవ్వమన్నారు. సాయంత్రం టీ తాగుతూ మొదలెట్టాడు. "నీళ్లలో దిగకుండా ఈత నేర్చుకున్నోడు ఎవడన్నా ఉన్నాడా బావా? అందులోనూ నర్సుపిల్ల. మగాళ్ల ఒళ్లు రోజూ చూసే పిల్ల. ఏం తెలీని మొహంతో నువ్వెళ్తే నవ్వదూ?" నవ్వుతుందా? నాకు ఇరవై ఆరేళ్లు, నవ్వుతుందనే భయంతోనే చస్తున్నాను అప్పటికే. ఎవరికీ చెప్పుకోని భయాన్ని వాడు టీ గ్లాసు పక్కన పెట్టాడు. రైలుగేటు దాటి, బియ్యంమిల్లు వెనకసందు, తాటాకు పాక. ఆవిడ అన్నం వారుస్తోంది. ముప్ఫై దాటి ఉంటాయి, మొహం పీక్కుపోయి ఉంది. నన్ను చూసి కాళ్లు కడుక్కో బాబూ అంది, చుట్టానికి చెప్పినట్టు. తర్వాత మేస్త్రితో నెమ్మదిగా, "ఇవాళొద్దండీ, ఒంట్లో బాగాలేదు, రెండ్రోజులాగి రాకూడదా" అంది. వాడు కసిరాడు. ఆ మాట నేనూ విన్నాను. చెవులున్నాయిగా, విన్నాను. వెనక్కి తిరిగి వచ్చేయొచ్చు. అప్పటికే కాళ్లు కడుక్కున్నాను కదా అనుకున్నాను. ఎంత గొప్ప కారణమో చూడండి! ఆవిడ మొహం గోడవైపు పెట్టుకుని పడుకుంది. అంతే. ఎవరూ నవ్వలేదు.

ఇరవై రెండు రోజులయింది. పాఠం ఇంకా అవలేదు, చదివేవాడు ప్రతి మాటా తూచి చదువుతున్నాడు, వాడి గొంతు పిసికెయ్యాలనిపిస్తోంది. చర్చిలో కూర్చుని గొంతు పిసకాలనుకుంటున్నాను, ఇదీ నా భక్తి. మళ్లీ పోటు. కింద ఎవరో సూదిమొన పెట్టి తిప్పినట్టు. కాలిబొటనవేలు నేలకి నొక్కితే కాస్త తగ్గుతుంది, నొక్కుతున్నాను. ఇవాళ సంస్కారపు ఆదివారం కూడా, ద్రాక్షరసం పుచ్చుకోవాలి. ఒకటే గిన్నె, మా వరసలో మొదట నేను, తర్వాత బాలస్వామిగారు, ఆ తర్వాత పళ్లూడిన ముసలాళ్లు, అటు తిరిగి ఆడవాళ్లు, మా అమ్మ, దయామణి. నా నోరు తగిలిన గిన్నెలోంచి అందరికీ అంటుతుందా? అది నోటినుంచి అంటుకునే రోగమేనా? ఎవణ్ణడగను? గుడివాడలోనే ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాను, అడుగుదామనే వెళ్లాను. బెంచీమీద ఎవరో కాదు, శివరామయ్యగారు. వాళ్ల చేలోనే మొన్న స్తంభం పాతాం. "ఏవయ్యోయ్ లైనూ, నువ్విక్కడున్నావేం?" అని అంత గొంతుతో పలకరించారు. కడుపునొప్పండీ అన్నాను. లోపల డాక్టరుతో కూడా కడుపునొప్పండీ అనే అన్నాను, ఆయన పొట్ట నొక్కి, నాలిక చూసి, జీర్ణానికి ఎర్రమందు రాసిచ్చాడు. ఆ సీసా మొత్తం తాగాను, వెధవని. అబద్ధానికిచ్చిన మందు నిజానికి పనిచేస్తుందా!

మేస్త్రికి మాత్రం చెప్పాను. చెప్పక చస్తానా, తెచ్చిపెట్టింది వాడు. పగలబడి నవ్వాడు. "ఓస్, ఇంతేనా! నేను దీంతో రెండుసార్లు బాధపడ్డాను. పెళ్లి కుదిరిందిగా, ఇంకేం, కన్నెపిల్ల పక్కన చేరితే అదే పోద్ది. పెళ్లయిన మర్నాడు చూస్కో, నీది నీకుండదు." నాది నాకుండదు. వినగానే, ఒట్టు, ప్రాణం లేచొచ్చింది. రోజంతా ఈలవేసుకుంటూ పనిచేశాను. రాతిరి భోజనం దగ్గర ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాను. నాది నాకుండకపోతే ఎక్కడికి పోతుంది? పోవడానికి చోటుండాలిగా. దయామణికి పోతుంది. మర్నాడు తీగ కట్టడానికి పైకెక్కి, పక్క లైను బతికున్న లైను, చెయ్యి చాపితే చాలు, అందుతుంది, అనుకున్నాను. చాలాసేపు అనుకున్నాను. కింద గుంపు కేకలేస్తోంది, ఏరా నిద్రపోయావా అని. దిగొచ్చేశాను. చావడానికీ పనికిరాలేదు.

హమ్మయ్య, పాఠం అయింది. అయ్యగారు కళ్లజోడు సర్దుకుని కాగితం తీశారు. స్త్రీల కూటం గురువారం. పిడికెడు బియ్యం సంచులు తేనివాళ్లు వచ్చేవారం తప్పకుండా తేవాలి. గిలకలదిండి పల్లెవాళ్ల ప్రార్థన శనివారం సాయంత్రానికి మారింది. చదవండి అయ్యగారూ, తొందరగా చదవండి. పెళ్లి ప్రకటన మూడు ఆదివారాలు చదవాలి; మొదటిదాని రోజున నేను లేను, రెండోదానికీ లేను, దివిసీమలో పనుందని తప్పించుకున్నాను. మూడోదానికైనా కనపడకపోతే పిల్లవైపువాళ్లు ఏమనుకుంటారని మా అమ్మ కబురుమీద కబురు పెట్టి రప్పించింది. బుధవారం పెళ్లి. ఆదివారం, సోమవారం, మంగళవారం. ఆవలి వరసలో, ఆడవాళ్ల వైపు, తెల్లచీర. అటు చూడను. చూశాను. తల వంచుకుని ఉంది, చెవికి ఎర్రరాయి కమ్మ.

పెళ్లిచూపులనాడు అందరూ ఉద్యోగం, ఊరు, జీతం అడిగారు. తను ఒక్క మాటే అడిగింది. "స్తంభం మీద ఉన్నప్పుడు కరెంటొస్తే ఎట్లాగండీ?" నాకు తెలిసిన విషయం కదా, గబగబా చెప్పాను. రాదండీ, కింద ఒకడు ఫ్యూజు పీకి జేబులో వేసుకుంటాడు, లైను చచ్చింది ఎక్కు అని వాడంటేనే మేం ఎక్కుతాం, మేం దిగేదాకా ఆ ఫ్యూజు వాడి జేబులోంచి తియ్యడు. తను వదల్లేదు. "వాడు అబద్ధం చెబితే?" నేను నవ్వాను. చెప్పడండీ, ఎంత చెడ్డవాడైనా ఆ ఒక్కటీ చెప్పడు. అన్నాను. నా నోటితోనే అన్నాను. గోవర్ధనరావు లాంటి వెధవ కూడా ఆ అబద్ధం చెప్పడు, వాడు తాగొచ్చినరోజు కూడా జేబు తడుముకుని మరీ చెబుతాడు. బుధవారం తను ఎక్కుతుంది. కింద నేనుంటాను. లైను చచ్చిందనే చెబుతానా?

"...ఘంటసాల ఉపదేశిగారైన కీర్తిశేషులు యోహాను గారి కుమారుడు మత్తయికిని, బందరు కాపురస్థులు బాలస్వామిగారి ప్రథమ కుమార్తె దయామణికిని పరిశుద్ధ వివాహము జరుపుటకు న్యాయమైన అభ్యంతరమేదైనను ఎవరికైనను తెలిసినయెడల వారిప్పుడే తెలియజేయవలెను. ఇది మూడవ ప్రకటన." చదివి కళ్లెత్తారు. చర్చి అంతా ఊరికే, అలవాటుగా, ఊపిరి బిగబట్టింది. సరిగ్గా అప్పుడు కింద పోటు తన్నుకొచ్చింది, ఇంక నావల్ల కాదు, కాలిబొటనవేలు కాదుగదా ఒళ్లంతా నేలకి నొక్కినా ఆగదు. మోకాళ్లు వాటంతటవే లేచాయి. నిలబడ్డాను. బయటికి పోదామనే నిలబడ్డాను. దేవుడి తోడు, అందుకే. అడుగు వెయ్యబోయి చూద్దును కదా, అన్ని తలలూ నావైపే తిరిగి ఉన్నాయి.

"ఏం మత్తయీ?" అన్నారు అయ్యగారు.

బయటికి వెళ్లాలండీ, కడుపులో బాగాలేదండీ. అంతే. ఆ మాట నోటిదాకా వచ్చింది. అందరూ గొల్లున నవ్వుతారు, పెళ్లికొడుకు భయపడ్డాడర్రా అని పదేళ్లు చెప్పుకుంటారు, బుధవారం పెళ్లి జరుగుతుంది. బాలస్వామిగారు నా పంచె చెంగు పట్టుకుని లాగుతున్నారు, కూర్చో అల్లుడూ, కూర్చో. దయామణి తలెత్తింది. భయం లేదు ఆ మొహంలో, కోపం లేదు, ఏమిటో తెలుసుకుందామని చూస్తోంది, అంతే. స్తంభం కింద నిలబడి ఎక్కమంటారా అని అడిగేవాళ్లు అట్లాగే చూస్తారు.

"ఉందండీ," అన్నాను. "అభ్యంతరం ఉందండీ. పెళ్లికొడుక్కి జబ్బు ఉందండీ. పైకి చెప్పే జబ్బు కాదండీ."

మా అమ్మ కెవ్వుమంది. ఆ తర్వాత ఎవరెవరేమన్నారో నాకు తెలియదు. మోకాళ్లు దాటాను, ఎన్నో లెక్కపెట్టలేదు, ఎవరి చెయ్యో తొక్కాను, గుమ్మం, మెట్లు, ఎండ, చర్చి వెనకగోడ, తుమ్మచెట్టు. పంచె ముడి రాలేదు, పళ్లతో కొరికినంత పని చేశాను. వచ్చింది. చుక్కచుక్కగా, నిప్పులు, అమ్మా అని ఏడ్చాను, ఇరవై ఆరేళ్లవాణ్ణి, గోడకి నుదురు ఆనించి భోరుమని ఏడ్చాను. మంటకి ఏడ్చానో, అమ్మ కేకకి ఏడ్చానో. లోపల గోలగోలగా ఉంది. బాలస్వామిగారి గొంతు, వాణ్ణి పట్టుకోండి అంటోంది. పట్టుకుంటే పట్టుకోనీ. కొడితే కొట్టనీ. అప్పటికి అయిపోయింది, ఒళ్లు ఖాళీ అయింది, ఎండలో చలి వేస్తోంది.

వెనక అడుగులు వినిపించాయి. చెప్పులు లేని అడుగులు, కాస్త దూరంలో ఆగాయి.

"ఎన్నాళ్లనుంచి?"

దయామణి. తిరగలేదు నేను. పంచె సర్దుకుని గోడవైపే నిలబడ్డాను. తనూ మొహం అటు తిప్పుకునే అడుగుతోందని గొంతుని బట్టి తెలుస్తోంది.

"పద్దెనిమిది రోజులండీ."

"చీము?"

"ఉందండీ."

"గజ్జల్లో బిళ్ల కట్టిందా? జ్వరం?"

"లేదండీ."

"చలవలు చేస్తే తగ్గేది కాదది. సూదులు పడాలి. రేపు పొద్దున ఎనిమిదింటికి మా ఆసుపత్రికి రండి, డాక్టరమ్మగారితో నేను చెప్పి ఉంచుతాను. నాన్న దగ్గరికి వెళ్లకండి, చంపేస్తాడు."

"నయమవుతుందా అండీ?"

"అవుతుంది."

ఒక్క మాట. అవుతుంది. గోడ పట్టుకున్నాను. పద్దెనిమిది రోజులుగా గుండెమీదున్న బండ ఆ ఒక్క మాటకి పక్కకి దొర్లింది. సిగ్గులేనివాడికి ఆశ తొందరగా పుడుతుంది. వెంటనే తిరిగాను. "దయామణీ, మరి పెళ్లి..."

"ఆవిడెక్కడుంటుంది?"

"ఎవరండీ?"

"ఎవరేమిటి? ఆవిడ." చీరకొంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. గొంతు మాత్రం వార్డులో మాట్లాడినట్టే ఉంది. "మీకుందంటే ఆవిడకీ ఉంటుంది. ఆడవాళ్లకి లోపల ముదిరేదాకా తెలీదు, తెలిసినా ఎవరూ చూడరు. ఊరు, పేరు చెప్పండి, చీటీ రాయించి పంపుతాను."

"గుడివాడండీ. రైలుగేటు అవతల, మిల్లు వెనక."

"పేరు?"

పద్దెనిమిది రోజులుగా ఆవిణ్ణి తిట్టని పూట లేదు. నిద్రలో కూడా తిట్టాను. తిట్టడానికి పేరు అక్కర్లేకపోయింది. కాళ్లు కడుక్కో బాబూ అన్న మనిషి, ఒంట్లో బాగాలేదు అని నోరు విడిచి చెప్పిన మనిషి. ఎంత వెతికినా, ఏ మూలా, ఆవిడ పేరు లేదు.

"తెలీదండీ," అన్నాను.

అప్పుడు తిరిగి చూసింది దయామణి. లోపల అందరిముందు అంత మాట అన్నప్పుడు కూడా తను అట్లా చూడలేదు. ఆ చూపుకి ఇందాకటి మంట నయమనిపించింది.

"మధ్యాన్నం గుడివాడకి బండి ఉంది," అంది. "వెళ్లి పేరు అడగండి. రేపు ఎనిమిదింటికి ఆవిణ్ణి కూడా తీసుకుని రండి. ఒక్కరే వస్తే నన్ను పిలవకండి."

వెళ్లిపోయింది. బయటికి దారి చర్చి ముందునుంచే. అందరూ మెట్లమీద నిలబడి ఉన్నారు, అయ్యగారు, బాలస్వామిగారు, నోట్లో కొంగు కుక్కుకుని మా అమ్మ. తల వంచుకుని వాళ్లముందునుంచే స్టేషను వైపు నడిచాను. ఆ పాక ముందు నిలబడి, లోపలున్న మనిషిని ఏమని పిలవాలా అని ఆలోచిస్తూ నడిచాను.